లాకింగ్ ట్రెమోలో గిటార్: ఆర్కెస్ట్రాలో వాయించేవాడికి పనికొస్తుందా?

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం జవాబు ముందే చెప్పేస్తా. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఉంటూ, ఆదివారం చర్చిలో, పండగ సీజన్‌లో ఆర్కెస్ట్రాలో, ఖాళీ దొరికితే స్నేహితులతో కాస్త గట్టి రాక్ వాయించుకునే మనిషికి ఒక్కటే ఎలక్ట్రిక్ గిటార్ ఉంటే, అది ఫ్లాయిడ్ రోజ్ తరహా లాకింగ్ ట్రెమోలో గిటార్ కాకపోతేనే సుఖం. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్‌ని ఒక బార్‌తో ఊపి శ్రుతి జార్చే ఏర్పాటు ట్రెమోలో, అందులో తీగల్ని రెండు చివరలా తాళం వేసినట్టు బిగించేది లాకింగ్ ట్రెమోలో. ఇంట్లో వేరే గిటార్ ఉండి ఇది రెండోది అయితే మాత్రం కొనుక్కోండి, దీంతో వచ్చే సరదా ఇంకే బ్రిడ్జ్‌తోనూ రాదు. ఇప్పటికే ఇదొక్కటే కొనేసి తల పట్టుకుని కూర్చున్నవాళ్ళుంటే, వెనకాల చిన్న చెక్కముక్క పెట్టి దీన్ని దారికి తెచ్చే పద్ధతి కింద రాశాను, నేరుగా అక్కడికి వెళ్ళిపోండి.

నేను వాడుతున్నది వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 25.5 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు), రెండు హంబకర్లు (తీగ కంపనని పట్టే జంట చుట్ల పికప్‌లు), లైసెన్స్ మీద తయారైన లాకింగ్ బ్రిడ్జ్. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే ఫిర్యాదుల్లో సగం ఈ రకం బ్రిడ్జ్‌కి పుట్టుకతో వచ్చినవి, మిగతా సగం తక్కువ ధరలో అమ్మే ఎవరి గిటార్‌లో అయినా ఉంటాయి, ఒక్కరిని పట్టుకుని తిట్టి లాభం లేదు. పోల్చి చూసుకోవడానికి నా పాత ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ గిటార్, అంటే బ్రిడ్జ్ కదలనిది, ఉంది. వైజాగ్‌లో ఒక స్నేహితుడి దగ్గర ఒరిజినల్ ఫ్లాయిడ్ రోజ్ వేసిన గిటార్ ఉంది, వాడు చేతికి ఇచ్చినప్పుడల్లా అదీ వాయిస్తుంటాను.

ఇది ఎందుకు పుట్టిందో తెలిస్తే దీని మంచీ చెడూ రెండూ అర్థమవుతాయి. 1954లో ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌తో వచ్చిన ట్రెమోలో ఉంది కదా, దాని బార్ నొక్కితే బ్రిడ్జ్ ముందుకి వాలుతుంది, తీగలు వదులవుతాయి, శ్రుతి కిందికి జారుతుంది. బార్ వదిలేస్తే తీగలన్నీ ఎక్కడివక్కడికి రావాలి, కానీ రావు. మెడ పైకొసన తీగలు ఆనే నట్ గాడిలో ఒరుసుకుని ఒక తీగ కొంచెం ముందే ఆగిపోతుంది, పైన కీకి చుట్టిన చుట్లు సర్దుకుంటాయి, గట్టిగా ఒకసారి వాడితే పాట మధ్యలోనే గిటార్ అపశ్రుతి. 1970ల చివర్లో అమెరికాలో ఫ్లాయిడ్ రోజ్ అనే గిటారిస్ట్, నగల పని కూడా తెలిసినవాడు, దీనికి విరుగుడు తనే కనిపెట్టుకున్నాడు. ఒరుసుకునే చోటే తీగని బిగించి కదలకుండా చేసేస్తే పోతుంది కదా అని ఇత్తడితో ఒక నట్ తయారుచేశాడు. ఇత్తడి మెత్తన కాబట్టి అది తీగల్ని సరిగా పట్టి ఉంచలేదు, అప్పుడు గట్టిపరిచిన ఉక్కుకి మారాడు. 1979లో పేటెంట్ వచ్చింది. మొదట్లోనే ఎడ్డీ వాన్ హేలెన్ చేతికి చేరింది, 1980లలో క్రేమర్ కంపెనీ తన గిటార్లలో వేసింది, ఆ పదేళ్ళు రాక్ గిటార్ అంటే ఇదే అన్నంతగా నడిచింది. ఒరిజినల్ రకాన్ని జర్మనీలో షాలర్ వాళ్ళు తయారుచేస్తూ వచ్చారు. స్పెషల్ అనే పేరుతో వచ్చేది కొరియాలో తయారయ్యే చవక రకం, అందులో శాడిళ్ళూ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే ముక్కలు) కింద ఉండే దిమ్మా జింక్ మిశ్రమంతో చేస్తారు. ఇవి కాక లైసెన్స్ రకాలు బోలెడు. ఐబానెజ్ వాళ్ళ ఎడ్జ్ లాంటివి వాటిలో మంచివి.

తీగకి రెండు చివరలా తాళం. ఒకటి తల దగ్గర నట్‌లో: మూడు చిన్న దిమ్మలు, ఒక్కోటి రెండేసి తీగల్ని నొక్కిపడుతుంది. రెండోది బ్రిడ్జ్‌లో: తీగ చివరి గుండు కత్తిరించేసి, ఆ మొండి కొసని శాడిల్‌లో స్క్రూతో బిగించాలి. ఈ రెంటికీ చాలా గిటార్లలో 3 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. నట్ బిగించాక పైన కీలు తిప్పినా లాభం లేదు కాబట్టి, బ్రిడ్జ్ వెనక తోకలో ఆరు ఫైన్ ట్యూనర్లు ఉంటాయి, వేలితో తిప్పుకునేవి. బొబ్బిలి వీణ చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు, అక్కడా పైన బిరడాలతో శ్రుతి చేసి, కింద నాగపాశం దగ్గర రింగులు జరిపి సన్నగా సరిచేసుకుంటారు.

ఇక బ్రిడ్జ్ మొత్తం రెండు పోస్టుల మీద, కత్తి అంచులా చెక్కిన రెండు కొసలతో ఆనుకుని గాలిలో నిలబడుతుంది. నైఫ్ ఎడ్జ్ అంటారు ఆ అంచుల్ని. పైనుంచి తీగలు ముందుకి లాగుతాయి, వెనక గుంతలో స్ప్రింగులు ఇంకో వైపు లాగుతాయి. అచ్చం త్రాసు. 09-42 సెట్టు (సన్న తీగ 0.009, లావు తీగ 0.042 అంగుళాల మందం) వేసి మామూలు శ్రుతిలో పెడితే ఆరు తీగల లాగుడు మొత్తం 38 కిలోల పైమాట, 10-46 అయితే 47 కిలోల దాకా. ఒక వైపు కొంచెం తగ్గితే రెండో వైపు మొగ్గుతుంది. ఇకమీద నేను చెప్పే ప్రతి కష్టం ఇక్కడినుంచి వచ్చేదే.

ముందు టోన్ సంగతి, ఎందుకంటే అందరూ దీని మీదే కొట్టుకుంటారు.

ఫ్లాయిడ్ రోజ్ పెడితే సౌండ్ పలచబడుతుంది, సస్టెయిన్ (మీటిన స్వరం నిలిచే సేపు) చచ్చిపోతుంది అని చాలామంది అంటారు. కొంత నిజమే. బ్రిడ్జ్ చెక్కకి ఆనేది రెండు పోస్టుల దగ్గరే, కింద స్ప్రింగుల కోసం బాడీలో చెక్క చాలా తీసేస్తారు, పైగా బ్రిడ్జ్ కదిలేది కాబట్టి తీగ కంపనలో కొంత దాన్ని ఊపడానికే ఖర్చవుతుంది. నా గిటార్‌నే ఒకసారి బ్రిడ్జ్ గాలిలో ఉంచి, ఒకసారి వెనక రెండు వైపులా చెక్క బిగించి కదలకుండా చేసి, అవే తీగలు, అదే పికప్, అదే వాల్యూమ్‌తో క్లీన్‌లో (డిస్టార్షన్ లేకుండా) వాయించి రికార్డ్ చేసుకుని విన్నాను. తేడా ఉంది. చెక్క బిగించినప్పుడు లావు తీగ మీద దెబ్బ ఇంకొంచెం గట్టిగా, దిగువ సౌండ్ ఇంకొంచెం నిండుగా వచ్చింది, పట్టి ఉంచిన స్వరం కొంచెం ఎక్కువసేపు నిలిచింది. గాలిలో ఉన్నప్పుడు దెబ్బ పదునుగా, పైసౌండ్ ఎక్కువగా, ఇనుము మీద కొట్టినట్టు ఒక గుణం ఉంది. అది నాకు నచ్చకపోలేదు కూడా, సన్న తీగల మీద సోలో వాయిస్తే ఆ పదును కీబోర్డ్ సౌండ్‌ని చీల్చుకుని బయటికి వస్తుంది.

అదే పోలికని డిస్టార్షన్ పెట్టి మా డ్రమ్మర్ తమ్ముడికి వినిపించి, ఏది ఏదో చెప్పమంటే వాడు గుర్తుపట్టలేకపోయాడు. నాకే అనుమానం వచ్చింది, నేను వాయించింది కాబట్టి తేడా తెలుస్తోందా అని. మనలో చాలామంది గిటార్ మల్టీ ఎఫెక్ట్ ప్రాసెసర్‌లోంచి నేరుగా మిక్సర్‌కి వెళ్ళి, అక్కడినుంచి పెద్ద బాక్సుల్లో మోగుతుంది. ఆ బాక్సుల దగ్గర కూర్చునే అన్న గిటార్ ఫేడర్‌ని ఎక్కడ పెడతాడో తెలిసినవాళ్ళెవరూ చెక్క, ఇత్తడి, జింక్ అని నాతో వాదించరు. పికప్ మార్చితే వచ్చే తేడా, స్పీకర్ మార్చితే వచ్చే తేడా దీనికంటే చాలా పెద్దవి.

దిమ్మ గురించి ఒక మాట. బ్రిడ్జ్ కింద స్ప్రింగులు తగిలించే దిమ్మ ఒరిజినల్‌లో ఇత్తడిది, చవక రకాల్లో జింక్ మిశ్రమం. స్నేహితుడి గిటార్‌లో క్లీన్ సౌండ్ నాదానికంటే నిండుగా ఉంటుంది, సస్టెయిన్ నా ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌కి దగ్గరగా వస్తుంది. అయితే వాడి గిటార్‌లో చెక్క వేరు, పికప్‌లు వేరు, కాబట్టి ఘనత అంతా దిమ్మదే అని నేను చెప్పను. విడిగా పెద్ద ఇత్తడి దిమ్మలు అమ్ముతారు, వేసుకున్నవాళ్ళు బాగుందంటారు. మా బ్యాచ్‌లో ఒకడు బుడితి వెళ్ళి పోత పోయించుకొస్తా అంటాడు, బిందెలూ గంటలూ చేసేవాళ్ళకి గిటార్ దిమ్మ ఎంతలో పని అని. ఇంతవరకు వెళ్ళలేదు.

టోన్ విషయంలో నాకు నిజంగా చిరాకు తెప్పించేది స్ప్రింగుల మోత. గట్టిగా ఒక కార్డ్ కొట్టి టక్కున ఆపితే, వెనక గుంతలో స్ప్రింగులు ఇంకా మోగుతూ ఉంటాయి, పికప్ దాన్ని కూడా పట్టేస్తుంది. ఆగి ఆగి కొట్టే రిఫ్‌లో (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న బిట్) ఆ ఖాళీల్లో సన్నగా ఏదో గింగురుమంటూ వినిపిస్తుంది. స్ప్రింగుల లోపలికి కొంచెం స్పాంజ్ కూరితే పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, గిటార్ ఇంటికి తెచ్చిన రోజే చేసేయండి.

ఇంకొకటి, ఉక్కు నట్ వల్ల ఓపెన్ తీగకీ, ఫ్రెట్ మీద నొక్కిన తీగకీ సౌండ్‌లో తేడా తగ్గుతుంది. ప్లాస్టిక్ నట్ ఉన్న గిటార్‌లో ఓపెన్ తీగ కొంచెం మెత్తగా పలుకుతుంది, ఇక్కడ అలా ఉండదు. చిన్న విషయమే కానీ నాకు ఇష్టం.

టోన్ మీద ఇంతే. నా లెక్కలో దీన్ని కొనడానికీ మానడానికీ టోన్ కారణం కాకూడదు. చేతికి ఎలా ఉంటుందన్నది చూడాలి.

చేతికి వచ్చే ఆనందం ముందు చెప్తా. బార్‌ని తీగలు సాగిలపడి ఫ్రెట్ల మీద పడిపోయేదాకా నొక్కి వదిలితే, ట్యూనర్ ముల్లు మళ్ళీ మధ్యకే వస్తుంది. మామూలు ట్రెమోలో వాడి అలవాటైనవాళ్ళకి మొదటిసారి ఇది నమ్మబుద్ధి కాదు. తీగని తేలిగ్గా తాకి మీటి హార్మోనిక్ తీసి బార్‌తో కిందికి దించి పైకి లాగితే వచ్చే కేక, బార్ కొసని వేలితో తట్టి వదిలితే వచ్చే గరగర, ఇవి వేరే బ్రిడ్జ్ మీద రావు. శ్రుతి నిలకడ చాలా గొప్పగా ఉంటుంది. ఒకసారి సరిగా కుదిరాక, నట్ బిగించి ఉన్న గిటార్‌ని బ్యాగ్‌లో వేసుకుని బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళి స్టేజీ మీద తీస్తే ఫైన్ ట్యూనర్ ఒకటో రెండో తాకితే చాలు. పైన కీలు బ్యాగ్‌లో దేనికో తగిలి తిరిగిపోయినా శ్రుతి మారదు.

ఇది విజయనగరం కాబట్టి గమకాల సంగతి మాట్లాడకుండా ఉండలేను. 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊరు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పిన ఊరు, ఇక్కడ ఎవరైనా బార్ పట్టుకోగానే చేసే మొదటి పని సన్నాయిలాగా, ఫిడేలులాగా గమకం పలికించాలని చూడటమే. నేనూ చూశాను. వీణలో తీగని మెట్టు మీద పక్కకి లాగితే స్వరం పైకే వెళ్తుంది, గాలిలో నిలబడిన బ్రిడ్జ్‌లో బార్ కిందికీ పైకీ రెండు వైపులా కదులుతుంది, కాబట్టి ఇంకా ఎక్కువ పలకాలి అనిపిస్తుంది. ఆచరణలో అలా జరగదు. బార్‌తో వచ్చే ఊపు రెండు వైపులా ఒకే కొలతలో ఉంటుంది, తోడిలో గాంధారం ఊగే తీరు అలా ఉండదు, దానికి ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ నిలవాలో ఒక దారి ఉంది. బార్‌తో కంపితం వాయిస్తే వినేవాళ్ళకి చలి వేసినట్టు వణుకుతుంది. జారు మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. బార్‌ని కొంచెం నొక్కి ఉంచి తీగ మీటి మెల్లగా వదిలితే స్వరం కిందినుంచి పాకుతూ వచ్చి కూర్చుంటుంది. పాత మెలోడీ పాటల్లో ఫిడేలు బిట్లు గిటార్ మీద వాయించాల్సి వచ్చినప్పుడు నేను ఎక్కువగా వాడేది ఇదే. ఒకే తీగ మీద వాయించండి. కార్డ్ పట్టుకుని బార్ నొక్కితే ఆరు తీగలూ సమానంగా దిగవు, ఒక్కోటి ఒక్కో కొలతలో దిగుతుంది, మధ్యలో కార్డ్ అపశ్రుతిగా వినిపిస్తుంది. రాక్‌లో అదే అందం, భక్తి గీతంలో కాదు.

ఇప్పుడు కష్టాలు.

అరచేతి అంచుని బ్రిడ్జ్ మీద ఆనించి పామ్ మ్యూట్ వాయించే అలవాటు ఉన్నవాళ్ళకి ఇక్కడ గట్టి దెబ్బ. చెయ్యి బరువు బ్రిడ్జ్ తోక మీద పడితే అది కిందికి దిగి అన్ని తీగలూ పైశ్రుతికి వెళ్ళిపోతాయి. రిఫ్ అంతా ఎందుకో కొంచెం పైకి పలుకుతోంది అనిపిస్తే కారణం చెయ్యే. చేతిని శాడిళ్ళ ముందు, తీగల మీదకే తేలిగ్గా ఆనించడం అలవాటు చేసుకోవాలి. ఒరిజినల్ రకంలో ఫైన్ ట్యూనర్లు పైకి పొడుచుకుని ఉంటాయి, ఐబానెజ్ లో-ప్రో ఎడ్జ్‌లో వాటిని కిందికి దించారు, చేతికి అది చాలా హాయి.

రెండు తీగలు కలిపి వాయిస్తూ ఒకదాన్ని బెండ్ చేసి (పక్కకి లాగి శ్రుతి పెంచి) రెండోదాన్ని స్థిరంగా ఉంచే బిట్లు ఉంటాయి. ఈ బ్రిడ్జ్ మీద బెండ్ చేసిన తీగ లాగుడుకి బ్రిడ్జ్ ముందుకి వాలి, రెండో తీగ కిందికి జారిపోతుంది. అలాంటి బిట్ ఉంటే రెండో తీగని కూడా రవ్వంత బెండ్ చేసి సరిపెట్టాలి. వస్తుంది, కానీ సాధన కావాలి. బెండ్ కూడా మామూలు గిటార్ కంటే కొంచెం ఎక్కువ దూరం లాగితేగానీ స్వరానికి చేరదు. బదులుగా లాగేటప్పుడు వేలికి మెత్తగా ఉంటుంది.

తీగ తెగడం. ఇది ఎప్పుడూ ఇంట్లో జరగదు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో ప్రోగ్రాం, జనం కిక్కిరిసి ఉన్నారు, పాట మధ్యలో సన్న తీగ టప్పుమంది. 10-46 సెట్టులో ఆ ఒక్క తీగ మోస్తున్న లాగుడు 7 కిలోల పైన. అది పోగానే స్ప్రింగుల వైపు మొగ్గు వచ్చి మిగతా ఐదు తీగలూ ఒక్కసారిగా పైశ్రుతికి ఎక్కేశాయి. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ అయితే ఐదు తీగలతో పాట పూర్తిచేసి తీగ మార్చుకుంటాం. ఇక్కడ ఇంకొక్క స్వరం కూడా వాయించడానికి లేదు. కీబోర్డ్ అన్న నా భాగం కూడా కలిపి లాగించేశాడు కాబట్టి జనానికి తెలియలేదు, మళ్ళీ గిటార్ చేతిలోకి తీసుకోవడానికి ఇంకో రెండు పాటలు పట్టింది.

అన్నిటికంటే పెద్ద కష్టం మాత్రం శ్రుతి మార్చడం. మన గాయకుల సంగతి తెలిసిందే. రిహార్సల్‌లో గొంతు బాగానే పలుకుతుంది, స్టేజీ ఎక్కి మూడు పాటలు పాడాక "అన్నా, ఒక అర శ్రుతి దించుకుందాం" అంటారు. కీబోర్డ్‌కి ఒక బటన్ నొక్కితే అయిపోతుంది. మామూలు కార్డ్‌లైతే గిటార్‌లోనూ చెయ్యి ఒక ఫ్రెట్ జరిపితే సరి. ఓపెన్ తీగల మీద కట్టిన బిట్ ఉంటే మాత్రం గిటార్ శ్రుతే దించాలి. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌లో అది ఒక నిమిషం పని. ఇక్కడ? నట్ దిమ్మలు విప్పాలి, ఒక తీగ దించితే మిగతావి పైకి వెళ్తాయి, అవి దించితే మొదటిది మారుతుంది, బ్రిడ్జ్ వెనక్కి కూర్చుండిపోతుంది, వెనక స్ప్రింగుల స్క్రూలు వదులుచేయాలి. అర శ్రుతి దించితే తీగల లాగుడు దాదాపు 11 శాతం పడిపోతుంది, మరి త్రాసు ఊరుకుంటుందా. స్టేజీ మీద అయ్యే పని కాదు. డ్రాప్ డి కూడా అంతే, ఆరో తీగ ఒక్కటి దించితే మిగతా ఐదూ పాడవుతాయి. పైకి పెంచాలంటే మెడ మీద అన్ని తీగల్నీ నొక్కిపట్టే కేపో ఉంది, కిందికి దించే కేపో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

తీగలు మార్చడం కూడా ఒక పనే, అయితే భయపెట్టేంత కాదు. అన్నీ ఒకేసారి తీయకండి, ఒక్కోటి మార్చుకుంటూ వెళ్తే బ్రిడ్జ్ పెద్దగా కదలదు. లేదా బ్రిడ్జ్ తోక కింద మడతపెట్టిన గుడ్డ దూర్చి, మార్చాక తీసేయండి. కొత్త తీగల్ని గట్టిగా సాగదీసి, బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా నిలిచేదాకా వెనక స్క్రూలు సర్ది, ఫైన్ ట్యూనర్లన్నీ సగంలో పెట్టి, అప్పుడు నట్ బిగించాలి. బిగించగానే శ్రుతి పైకి ఎగురుతుంటే నట్ వెనక ఉండే అడ్డపట్టీని ఇంకొంచెం కిందికి దించండి, తీగ నట్ మీద బల్లపరుపుగా కూర్చుంటే ఎగరదు. ఒకే సైజు తీగలు వాడండి, 09 నుంచి 10కి మారినా మొత్తం సెట్టింగ్ మళ్ళీ మొదటికి వస్తుంది. మన ఊళ్ళో షాపుకి వెళ్తే అకౌస్టిక్ తీగలు ఎప్పుడూ ఉంటాయి, ఎలక్ట్రిక్‌లో ఆ రోజు ఉన్న సైజే ఇస్తారు. అందుకని ఆన్‌లైన్‌లో ఒకేసారి నాలుగైదు సెట్లు తెప్పించి పెట్టుకోవడం మేలు. ఇంటోనేషన్, అంటే ఏ ఫ్రెట్ మీదైనా శ్రుతి సరిగ్గా పలకడం, సరిచేయడం మాత్రం నిజంగా విసుగు. సరిచేయడానికి తిప్పే స్క్రూ లేదు, తీగ వదులుచేసి, శాడిల్‌ని చేత్తో జరిపి, బిగించి, మళ్ళీ శ్రుతి చేసి చూడాలి, కుదరకపోతే మళ్ళీ మొదలు.

మన వాతావరణం గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తున్నా. సముద్రం దగ్గర, ఉక్కపోత, చెమట. ఈ బ్రిడ్జ్‌లో చిన్న చిన్న ఉక్కు స్క్రూలు చాలా ఉన్నాయి, అరచెయ్యి ఎప్పుడూ వాటి మీదే ఉంటుంది. శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోతే అలెన్ కీ తల అరిగిపోయి, ఇక ఆ తీగ మార్చే దారి ఉండదు. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి, తీగలు మార్చినప్పుడు స్క్రూ మరలకి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేయండి. వానాకాలంలో మెడ కొంచెం వంగి తీగల లాగుడు మారితే, దాంతోపాటు బ్రిడ్జ్ వాలు కూడా మారుతుంది. ఫిక్స్‌డ్ బ్రిడ్జ్‌లో ఎక్కువగా యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) మారుతుంది, ఇక్కడ శ్రుతి, యాక్షన్ రెండూ కలిసి కదులుతాయి.

సరే, చెక్కముక్క పద్ధతి. గిటార్ వెనక మూత తీస్తే దిమ్మ, స్ప్రింగులు కనిపిస్తాయి. దిమ్మకీ, మెడ వైపు ఉన్న గోడకీ మధ్య ఖాళీలో సరిగ్గా పట్టే గట్టి చెక్కముక్క పెట్టాలి, బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా ఉన్నప్పుడు దిమ్మ ఆ చెక్కని ఆనుకుని ఉండేలాగా. తర్వాత స్ప్రింగుల స్క్రూలు ఒకటిన్నర, రెండు చుట్లు బిగించాలి, అప్పుడు దిమ్మ చెక్కకి గట్టిగా నొక్కుకుంటుంది. ఇక బార్ కిందికి మాత్రమే వెళ్తుంది, పైకి లాగడం పోతుంది, బార్ తట్టితే వచ్చే గరగర కూడా పోతుంది. పోయేవి ఈ రెండే. బదులుగా తీగ తెగితే మిగతావి కదలవు, పామ్ మ్యూట్ పైకి ఎగరదు, బెండ్ చేస్తే రెండో తీగ నిలబడుతుంది, ఆరో తీగ ఒక్కటి దించి డ్రాప్ డి పెట్టినా మిగతావి అలాగే ఉంటాయి. బ్రిడ్జ్ మీదే ఆరో తీగకి తగిలించే డి-ట్యూనా అనే చిన్న పరికరం ఉంది, అలా లాగితే ఇ నుంచి డికి దిగుతుంది, అదీ ఇలా వెనక్కి కదలని బ్రిడ్జ్‌ల మీదే పనిచేస్తుంది. చెక్కని ముందు గరుకు కాగితంతో రుద్ది ఖాళీకి సరిపెట్టండి, వదులుగా ఉంటే బార్ వాడిన రెండోసారికే జారి కింద పడుతుంది. గిటార్‌కి ఏ రంధ్రమూ పెట్టక్కర్లేదు, నచ్చకపోతే తీసేయొచ్చు. దిమ్మకి రెండో వైపు కూడా ఇంకో ముక్క పెడితే పూర్తిగా ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ అవుతుంది, కానీ అంత పని చేసేవాళ్ళు ఆ డబ్బుకి ఫిక్స్‌డ్ బ్రిడ్జ్ గిటారే కొనుక్కోవచ్చు కదా.

నా గిటార్ ఇప్పుడు సీజన్‌లో అలా చెక్కతో ఉంటుంది. ప్రోగ్రాములు లేని నెలల్లో తీసేసి గాలిలో వదిలి ఆడుకుంటాను.

కొనేవాళ్ళకి చివరిగా. కొత్తగా చవక గిటార్ కొంటే ఈ బ్రిడ్జ్ వద్దు. తక్కువ ధరలో దీన్ని ఇవ్వాలంటే ఉక్కు దగ్గరే కక్కుర్తి పడతారు, మెత్తని లోహపు నైఫ్ ఎడ్జ్ అరిగిపోయాక దాన్ని బాగుచేయడం కష్టం. ఒరిజినల్ బ్రిడ్జ్ ఒక్కదాని ధరకి ఇక్కడ ఒక మామూలు గిటార్ వచ్చేస్తుంది. సెకండ్ హ్యాండ్ అయితే ట్యూనర్, అలెన్ కీ జేబులో పెట్టుకుని వెళ్ళండి. బార్ పూర్తిగా నొక్కి వదిలి ఒక తీగ శ్రుతి చూడండి, తర్వాత పైకి లాగి వదిలి అదే తీగ మళ్ళీ చూడండి. రెండుసార్లూ ఒకే చోటికి రావాలి. నొక్కినప్పుడు కొంచెం కింద, లాగినప్పుడు కొంచెం పైన ఆగుతుంటే నైఫ్ ఎడ్జ్ గానీ పోస్టు గాడి గానీ అరిగింది. పోస్టులు చెక్కలో ఊగుతున్నాయేమో వేలితో కదిపి చూడండి, అన్నిటికంటే చెడ్డది అదే. ఎత్తు సర్దాలంటే తీగలు వదులుచేసి సర్దాలి, బిగువు మీద పోస్టులు తిప్పితే అంచులు పోతాయి, పాత యజమాని ఎలా చేసేవాడో మాటల్లో అడిగి తెలుసుకోండి. నట్ స్క్రూలు మూడూ విప్పి బిగించి చూడండి. శాడిల్‌లో తీగని నొక్కే చిన్న దిమ్మలు మధ్యలో గుంట పడ్డాయా చూడండి, అవి విడిగా దొరుకుతాయి కాబట్టి ధర తగ్గించమని అడగొచ్చు. "ట్యూనింగ్ కొంచెం జారుతుంది గానీ నట్ బిగిస్తే సరిపోతుంది" అని అమ్మేవాడు అంటే, ఆ నట్ అప్పుడే అక్కడే మీ ముందు బిగించమనండి.